మధ్యగతం మింగేసిన పగులు

వ్యాఖ్యాత: బోరు పాయింటు చూసినవారు ఒక రంగురంగుల బొమ్మ ఇస్తారు కదా, భూమిని నిలువునా కోసి చూపినట్టు. అది ఫొటోనా సార్?

అతిథి: ఫొటో కాదండీ. నేలలో వరుసగా ఎలక్ట్రోడ్లు దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మరో రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. ఆ కొలతలకు సరిపడే భూగర్భాన్ని కంప్యూటర్ ఊహిస్తుంది. చిక్కేమిటంటే, అవే కొలతలకు సరిపోయే బొమ్మలు ఎన్నో ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా నునుపైనదాన్ని, అంటే పక్కపక్క విలువలు మెల్లగా మారేదాన్ని, ఎంచుకోవడం ఆనవాయితీ. 1987లో వచ్చిన ఆకమ్ ఇన్వర్షన్ అనే లెక్కింపు పద్ధతి చేసేది అదే.

వ్యాఖ్యాత: అప్పటికే నునుపు చేశారన్నమాట. ఆ బొమ్మ మీద మళ్ళీ నునుపు చేసే ఫిల్టరు వేస్తారట, అది దేనికి?

అతిథి: మచ్చల కోసం. గ్రానైటు నిరోధకత, అంటే కరెంటును అడ్డుకునే గుణం, 3000 ఓమ్-మీటర్లు అనుకోండి. ఎక్కడో ఎలక్ట్రోడ్ మట్టికి సరిగా అంటక, బొమ్మలో ఒక గడి 30000 చూపింది. చుట్టుపక్కల గడులతో కలిపి తొమ్మిదింటి సగటు తీస్తే 6000. ఒక్క తప్పు తొమ్మిది గడులకూ అంటుకుంది! అదే మధ్యగతం తీస్తే, అంటే విలువలను వరుసలో పేర్చి అయిదోదాన్ని తీసుకుంటే, 3000. తప్పు మాయం.

వ్యాఖ్యాత: అయితే మధ్యగతమే వాడితే సరి కదా?

అతిథి: నేనూ అలాగే అనుకున్నాను, ఒకసారి నీరున్న పగులునే చెరిపేసుకునేదాకా. తెలంగాణ, రాయలసీమ రాతినేలల్లో మొరం దాటాక నీరుండేది పగుళ్లలోనే. నీరుంటే కరెంటు తేలిగ్గా పారుతుంది, నిరోధకత తగ్గుతుంది. పగులు మందం ఒక్క గడి, విలువ 300 అనుకోండి. తొమ్మిదిలో పగులువి మూడే, మిగతా ఆరూ రాయే. మధ్యగతం 3000! సగటైతే 2100, మసకగానైనా జాడ మిగిలేది.

వ్యాఖ్యాత: చెత్తతో పాటు ముత్యాన్నీ ఊడ్చేసింది.

అతిథి: అవును. అందుకే పగులు వాలు తెలిస్తే ఆ వాలు వెంట మాత్రమే నునుపు చేస్తాను, అడ్డంగా చేయను. తెలియకపోతే ఫిల్టరు వేయని బొమ్మనూ పక్కన పెట్టుకుంటాను. ఇంకో మాట, సగటు తీసేముందు విలువలకు లాగరిథమ్ తీయాలి. నిరోధకత పదుల నుంచి వేల దాకా పోతుంది, పెద్ద అంకె చిన్నదాన్ని తొక్కేస్తుంది. లాగరిథమ్ తీస్తే ఇందాకటి పగులు 2100 బదులు సుమారు 1400 దగ్గర తేలుతుంది.

వ్యాఖ్యాత: రైతుకు ఏ బొమ్మ ఇస్తారు మరి?

అతిథి: రెండూ ఇస్తాను. రంగులు బాగున్నాయని నునుపుదే దాచుకుంటారు. నేను బోరు గుర్తు పెట్టేది మాత్రం గరుకుదాని మీద.