కాస్‌ప్లే పనిముట్లు: ఏది ముందు, ఏది తర్వాత

సభకు నమస్కారం.

కాస్‌ప్లే, అంటే సినిమాలు, కామిక్స్, గేముల్లోని పాత్రల్లా వేషం వేయడం, దాని కోసం దుస్తులు, కవచాలు, ఆయుధాల నమూనాలు తయారుచేయాలని ఉత్సాహపడేవారిలో చాలామంది మొదట అడిగేది త్రీడీ ప్రింటర్ (ప్లాస్టిక్‌ను పొరలు పొరలుగా పేర్చి వస్తువును తయారుచేసే యంత్రం) కొనాలా వద్దా అని. పదునైన బ్లేడు, కొలత టేపు, మంచి రెస్పిరేటర్ (పీల్చే గాలిని వడకట్టే ముఖ తొడుగు) చేతికి వచ్చిన తర్వాతే ప్రింటర్ గురించి ఆలోచించమని నేను చెబుతాను. పని నాణ్యతను నిర్ణయించేవి కొలత, కోత, అతుకు. ఈ మూడూ చిన్న పనిముట్లతోనే సాధ్యమవుతాయి.

కవచం ఒంటికి సరిగ్గా అమరాలంటే ముందు ముక్కలు కోసుకోవడానికి ఒక నమూనా కావాలి. పాత బనియను వేసుకుని, దాని మీద పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి, దానిపై టేపు అంటించి, కావలసిన గీతలన్నీ మార్కర్‌తో గీసుకున్నాక, మొద్దు మొన ఉన్న కత్తెరతో మరొకరి చేత జాగ్రత్తగా కత్తిరించుకుంటే మన శరీరపు ఆకారమే నమూనాగా దొరుకుతుంది. ముక్కలను విడదీసే ముందే అంచులు కలిసే చోట్ల అడ్డగీతలు పెట్టుకోవాలి. అవి లేకపోతే ఏ ముక్క ఎక్కడ కలవాలో తెలియక అతికించేటప్పుడు అవస్థ పడతాం.

కవచాలకు ఎక్కువమంది వాడేది ఈవీఏ ఫోమ్ అనే మెత్తని, తేలికైన ప్లాస్టిక్ నురగ షీటు. ప్రధాన భాగాలకు 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, అంచుల అలంకారానికి 2 మిల్లీమీటర్ల మందం సరిపోతాయి. ఫోమ్ చూడటానికి మెత్తగా ఉన్నా బ్లేడు పదునును చాలా త్వరగా తినేస్తుంది. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను కోయదు, చింపుతుంది. ఆ చిరుగుల అంచు ఎంత జిగురు పూసినా అతుకు దగ్గర కనిపిస్తూనే ఉంటుంది. అందువల్ల మొన విరిచి కొత్త పదును తెచ్చుకునే కట్టర్, దానికి అదనపు బ్లేడ్లు, కింద పరచుకోవడానికి కటింగ్ మ్యాట్ తప్పనిసరి. మందపాటి ఫోమ్‌ను ఒక్క ఊపులో కోయాలని బలం ఉపయోగించకుండా, అదే గీత మీద రెండు మూడుసార్లు తేలికగా లాగితే అంచు నిటారుగా వస్తుంది.

తర్వాతి స్థానం వేడి గాలిని ఊదే హీట్ గన్‌ది. వేడి తగలగానే ఫోమ్ పైపొర బిగుసుకుని కొద్దిగా మెరుస్తుంది, రంగును పీల్చుకోవడం తగ్గుతుంది. వేడిగా ఉండగా వంచి, చల్లారేవరకు పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. వోర్బ్లా వంటి థర్మోప్లాస్టిక్ (వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడే ప్లాస్టిక్ షీటు) సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వద్దే మెత్తబడుతుంది, కానీ హీట్ గన్ 500 డిగ్రీలు కూడా దాటగలదు. కాబట్టి ఉష్ణోగ్రతను మార్చుకునే వీలున్నదాన్నే ఎంచుకోవాలి.

అతుకులకు కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురుకు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. రెండు అంచులకూ పలుచగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు కలిపి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే కలపడమే అతుకులు ఊడిపోవడానికి తరచుగా కనిపించే కారణం. గ్లూ గన్‌తో కరిగించి పూసే జిగురు చిన్న అలంకారాలకు పనికొస్తుంది కానీ, ఎండ వేడికి మెత్తబడుతుంది కనుక బరువు మోసే అతుకులను దానికి అప్పగించకూడదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాంటాక్ట్ సిమెంట్ ఆవిరి, స్ప్రే రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది కానీ ఈ ఆవిరులను ఆపలేదు; వాటికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ఇలాంటి ఆవిరులను పట్టి ఉంచే వడపోత డబ్బా) ఉన్న రెస్పిరేటర్ కావాలి, గదిలో గాలి ఆడాలి, దగ్గర్లో హీట్ గన్ గానీ మంట గానీ ఉండకూడదు. నిమిషానికి 30,000 చుట్లకు పైగా తిరగగల రోటరీ టూల్ (చేతితో పట్టుకునే చిన్న అరగదీత యంత్రం)తో అంచులు అరగదీసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి. డబ్బు చాలకపోతే రోటరీ టూల్‌ను వాయిదా వేసి సాండ్ పేపర్‌తో సరిపెట్టుకోవచ్చు; రెస్పిరేటర్‌ను వాయిదా వేయడానికి వీల్లేదు.

కుట్టుపనికి జిగ్‌జాగ్ కుట్టు ఉన్న సాధారణ మెషిన్ చాలు. సూది మాత్రం గుడ్డను బట్టి మారాలి: మధ్యరకం గుడ్డకు 90/14 సైజు సూది, సాగే గుడ్డకు గుండ్రటి మొన ఉన్న బాల్ పాయింట్ సూది. గుడ్డ కత్తెరతో ఫోమ్ గానీ కాగితం గానీ కోయకండి.

ఇక ప్రింటర్. శిరస్త్రాణాల వంటి క్లిష్టమైన ఆకారాలకు అది నిజంగా గొప్ప సాధనం. అయితే ముద్రణ పూర్తయ్యాక పొరల గీతలు పోయేదాకా సాండ్ పేపర్‌తో రుద్ది, ఫిల్లర్ ప్రైమర్ (సన్నని గీతలను పూడ్చే అడుగు పూత) కొట్టి, మళ్లీ రుద్దే ఓపిక ఉండాలి. పీఎల్ఏ అనే ప్రింటర్ ప్లాస్టిక్‌తో చేసిన వస్తువు దాదాపు 60 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది కనుక ఎండలో నిలిపిన కారులో దాన్ని వదిలిపెట్టకూడదు.

ప్రదర్శనకు వెళ్లేటప్పుడు సూదీ దారం, పిన్నీసులు, టేపు, సూపర్ గ్లూ ఒక చిన్న సంచిలో ఉంచుకోండి. సూపర్ గ్లూ నూలు గుడ్డ మీద పడితే చర్మం కాలేంతగా వేడెక్కుతుంది. అందుకని ఊడిన ముక్కను ఒంటి మీద ఉండగా అతికించకుండా, కవచం విప్పి పక్కన పెట్టి అతికించుకోవాలి.