చిన్న తాతయ్య లెక్కల పుస్తకం

సభకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక ట్రంకుపెట్టె దొరికింది. మా చిన్న తాతయ్యది. ఆయన పేరెత్తితే ఇంట్లో ఒకటే మాట: "గుర్రప్పందేల్లో పొలం తగలేశాడు." మేమూ అదే నమ్మి పెరిగాం.

పెట్టెలో పొడుగాటి తోలు బూట్లు, పొట్టి కొరడా, అరచేతిలో పట్టే సీసం బిళ్లలు, ఒక నోటుపుస్తకం. బూట్లు పన్నెండేళ్ల మా అబ్బాయికి సరిగ్గా పట్టాయి. పుస్తకం నిండా రోజుకో అంకె: 8-3, 8-1, 8-0. "అప్పుల లెక్కలేరా" అన్నారు నాన్న. కానీ 8-0 తర్వాతి రోజు 7-13 అని ఉంది. ఎన్ని పేజీలు తిప్పినా గీత తర్వాతి అంకె 13 దాటలేదు. అణాలైతే 15 దాకా పోవాలి కదా!

అవి స్టోన్లు, పౌండ్లు, అంటే ఇంగ్లీషువాళ్ల తూకం కొలతలు. 14 పౌండ్లు ఒక స్టోను. 8-0 అంటే దాదాపు 51 కిలోలు. అది ఆయన ఒంటి బరువు. చిన్న తాతయ్య గుర్రం మీద డబ్బు కాసిన మనిషి కాదండీ, గుర్రమెక్కిన మనిషి. జాకీ.

1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. చదువుకైనా, కోర్టు పనికైనా మనవాళ్లు మద్రాసు రైలే ఎక్కేవాళ్లు. ఈయన గిండీ రేసుకోర్సుకు వెళ్లారు.

గుర్రప్పందేనికి ముందు జాకీని జీనుతో సహా తూస్తారు. ఆ గుర్రం మోయాలని నిర్ణయించిన బరువు కన్నా తక్కువుంటే సీసం కలుపుతారు. దిగాక మళ్లీ తూకం. అప్పుడు బరువు తగ్గితే గెలిచిన పందెం కూడా పోతుంది. ఇక ఒళ్లు బరువెక్కిందా, స్వారీయే దొరకదు. అందుకే కడుపు మాడ్చుకునేవాళ్లు. పుస్తకమంతటికీ తెలుగులో ఉన్నది ఒక్క చోటే: "అమ్మ గోంగూర పచ్చడి పంపింది. ముట్టలేదు." గుంటూరు పిల్లాడు, అమ్మ పంపిన గోంగూర! అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను.

పైగా జాకీలు పందెం కాయకూడదు, అది రేసు క్లబ్బుల నియమం. మరి పొలం ఏమైంది? పాత దస్తావేజులు తీయించాను. మేనత్త పెళ్లి ఖర్చుకని మా ముత్తాతే అమ్మారు. ఆ కాగితం నాన్న చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివి, చిన్న తాతయ్య ఫొటో ఎక్కడుందని అడిగారు.

బూట్లు, పుస్తకం ఈ బల్ల మీదే ఉన్నాయి. మీ ఇళ్లలో పెద్దలెవరైనా గిండీలో పనిచేసి ఉంటే, వెళ్లేలోపు దయచేసి నాతో ఒక మాట చెప్పండి.