తండ్రి ఆట అనుకున్నాడు

శ్రోతలకు నమస్కారం. 1841లో విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు లాన్సెట్ అనే వైద్య పత్రికకు ఒక లేఖ రాశారు. అందులోని రోగి ఆయన సొంత కొడుకే, ఏడాది నిండబోతున్న పసివాడు. నాలుగో నెల దాకా బాగానే ఉన్నాడు. ఆ తరువాత ఉండి ఉండి తల ముందుకు వాల్చసాగాడు. తండ్రి చూశారు, ఏదో ఆట అనుకున్నారు. కన్నతండ్రి, పైగా వైద్యుడు, అయినా ఆట అనుకున్నారు. రానురాను తల మోకాళ్ల వైపు వంగేది, వెంటనే లేచేది, కొన్ని క్షణాలకు మళ్లీ వంగేది. అలా విడతకు పది ఇరవై సార్లు. రెండు మూడు నిమిషాల్లో అంతా సద్దుమణిగేది. జలగలు పట్టించారు, తలకు చల్లదనం పట్టించారు. ఏదీ పనిచేయలేదు. లండన్‌లో ఒక పెద్ద వైద్యుడు దీన్ని సలాం మూర్ఛ అన్నారు. వంగి సలాం చేసినట్టు ఉంటుందని!

ఆ బిడ్డకు అది ఎందుకు వచ్చిందో తెలుసుకునే దారి అప్పుడు లేదు. ఇప్పుడు మనకు తెలిసిన కారణాల్లో ఒకటి ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే జన్యువ్యాధి. సుమారు 6,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. కణాల ఎదుగుదలకు కళ్లెం వేసే జన్యువు చెడి, మెదడులో చిన్న చిన్న గడ్డలు ఏర్పడతాయి. వీరిలో పదికి ఎనిమిది మందికి పైగా మూర్ఛ వస్తుంది, దాదాపు సగం మందిలో ఆటిజం, అంటే మాటలోనూ నలుగురితో కలవడంలోనూ ఇబ్బంది, కనిపిస్తుంది. మూర్ఛ వల్లే ఆటిజం వచ్చిందా అని తల్లులు అడుగుతారు. రెండింటికీ వేరు ఒకటే, ఆ జన్యువే. అయితే మూర్ఛ మొదటి ఏడాదిలోనే మొదలై అదుపులోకి రాకపోతే ఆటిజం వచ్చే అవకాశం ఎక్కువ. విగాబాట్రిన్ అనే మందు ఈ పిల్లల్లో సలాం మూర్ఛను చాలావరకు ఆపగలదు. త్వరగా మందు వేస్తే ఆటిజం రాదని మాత్రం ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. అయినా ఆలస్యం చేయకండి.

ఇంకొక మాట. తల్లి గ్రహణం చూసిందనీ, ఆమె వంశంలోనే ఏదో ఉందనీ అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడింట రెండు వంతుల పిల్లల్లో ఈ జన్యుమార్పు కొత్తగా ఏర్పడినదే, తల్లి నుంచీ కాదు, తండ్రి నుంచీ కాదు.

ఒంటి మీద తెల్లమచ్చలు కూడా ఈ వ్యాధికి ఒక గుర్తు. బిడ్డకు మచ్చ ఒకటే ఉంటే కంగారు అక్కరలేదు. మూడు, అంతకన్నా ఎక్కువ ఉంటే పిల్లల వైద్యుడికి చూపించండి. నిద్ర లేవగానే బిడ్డ వరుసగా ఉలిక్కిపడుతుంటే, చేతులు విసిరి తల వాల్చుతుంటే, కడుపునొప్పి అనుకుని వాము నీళ్లతో సరిపెట్టకండి. ఫోనులో వీడియో తీయండి. డాక్టరు గదిలోకి వెళ్లేసరికి బిడ్డ హాయిగా నవ్వుతూ ఉంటుంది, మీ మాట ఎవరికీ పట్టదు. అందుకే వీడియో. దుప్పటి తీసేయండి, లైటు వేయండి, ముఖమూ రెండు చేతులూ కనబడాలి. ఒక్క కుదుపుతో ఆపకండి, విడత పూర్తయ్యేదాకా తీయండి. ఆ రోజే చూపించండి.