ఆ గదిలోంచి అతను బయటపడ్డాడా?

శ్రోతలందరికీ నమస్కారం.

హోటల్ గదిలో మీరొక్కరే ఉన్నారనుకోండి. మంచం పక్కన గడియారమున్న చిన్న రేడియో. మీరు దాన్ని ముట్టుకోలేదు. ఉన్నట్టుండి దానంతట అదే పాట అందుకుంది. భయపెట్టే పాటేం కాదు, కొత్త జంట జీవితం మొదలుపెట్టేటప్పుడు పాడుకునే తియ్యటి పాట. కాసేపటికి ఆ గడియారంలో అంకెలు అరవై నిమిషాల నుంచి కిందికి దిగడం మొదలవుతుంది.

‘1408’ అనే ఇంగ్లీషు సినిమాలో భయం ఇలా మొదలవుతుంది. 2007లో వచ్చింది. స్వీడన్ దర్శకుడు మికాయెల్ హాఫ్‌స్ట్రోమ్ తీశారు. కథ భయం కథలకు పేరుపడ్డ అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్‌ది. ఆ కథ పుస్తకంలోకి ఎక్కకముందే 1999లో రచయిత స్వయంగా చదవగా ఆడియోగా వచ్చింది. చదివినవాళ్లకంటే ముందు విన్నవాళ్లున్న కథ అన్నమాట. అందుకే రేడియోలో దీని గురించి చెప్పుకోవడం నాకు ప్రత్యేకంగా సంతోషం.

ఈ సినిమాకు ముగింపు ఒక్కటి కాదు. చూసినవాళ్లు ఇద్దరు కలిస్తే, ఒకరు హీరో బతికాడంటారు, ఇంకొకరు చచ్చిపోయాడంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్లు చూసిన ప్రతులు వేరు. సినిమా చూడనివాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, ముగింపులన్నీ బయటపెట్టకుండా ఈ మాటలు సాగవు.

మైక్ ఎన్‌స్లిన్ అనే రచయిత. దెయ్యాలున్నాయని పేరుపడ్డ చోట్ల రాత్రిళ్లు గడిపి, ఆ అనుభవాలను పుస్తకాలుగా రాసుకుని బతుకుతుంటాడు. దెయ్యాల మీద నమ్మకం మాత్రం లేదు. కూతురు కేటీ చిన్న వయసులోనే జబ్బుతో చనిపోయింది. ఆ దుఃఖం తట్టుకోలేక భార్య లిలీని వదిలి వెళ్లిపోయాడు. అలాంటి మనిషి న్యూయార్క్‌లోని డాల్ఫిన్ హోటల్లో 1408 నంబరు గది కావాలని పట్టుబడతాడు. అంకెలు కూడితే పదమూడు. మనకు ఆ అంకె మీద పెద్ద పట్టింపు లేదు కానీ పాశ్చాత్యులకు అది అపశకునం. ఆ గదిలో 56 మంది పోయారు, గంటకు మించి ఎవరూ నిలవలేదు, వద్దు బాబూ అని మేనేజర్ ఓలిన్ బతిమాలతాడు. మైక్ వినడు. అతని చేతిలో మాటలు రికార్డు చేసుకునే చిన్న టేప్ రికార్డర్ ఉంటుంది. దాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

గది అతన్ని రకరకాలుగా హింసిస్తుంది. గోడల్లోంచి వచ్చేవాటికీ, కిటికీలోంచి దూకేవాళ్లకీ నేను పెద్దగా జడవలేదు. నన్ను కదిలించింది వేరు. ఆ గది అతనికి కూతుర్ని తిరిగి ఇస్తుంది. పాప వస్తుంది, మాట్లాడుతుంది. నమ్మాలా వద్దా అని తండ్రి కొట్టుకుపోయి, చివరికి ఆగలేక దగ్గరకు తీసుకుంటాడు. తీసుకున్నాక, ఆ చేతుల్లోనే పాప మళ్లీ చచ్చిపోతుంది. ఒకసారి పోగొట్టుకున్న బిడ్డను రెండోసారి పోగొట్టుకోవడం. ఇంతకన్నా దెయ్యం ఏం కావాలి?

దీనికి ముందు ఇంకో మోసం జరుగుతుంది. మైక్ ఒడ్డున పడతాడు, ఆసుపత్రిలో కళ్లు తెరుస్తాడు, భార్యను కలుస్తాడు, ఈ అనుభవమంతా రాసేస్తాడు కూడా. హమ్మయ్య అని మనం ఊపిరి తీసుకునేలోపు గోడలు కూలతాయి, వెనక 1408 గదే ఉంటుంది. బయటకొచ్చిందంతా గది చూపించిన కల.

ఈ మోసమే ముగింపులన్నిటికీ మూలం. గడియారం సున్నాకు వచ్చి మళ్లీ అరవై దగ్గర మొదలవుతుంది. ఫోన్ మోగుతుంది. ఈ గంటనే మళ్లీ మళ్లీ అనుభవిస్తావా, లేక ఉరి వేసుకుని త్వరగా వెళ్లిపోతావా అని అడుగుతుంది అవతలి గొంతు. మీ ఆవిడ వస్తోంది, నేరుగా గదికే పంపిస్తాం అని కూడా చెబుతుంది. అప్పుడు మైక్ మేనేజర్ ఇచ్చిన బ్రాందీ సీసాకు నిప్పు ముట్టించి గదిని తగలబెడతాడు. తాను బతకడానికి కాదు, లిలీ ఆ గుమ్మం తొక్కకూడదని. నాకు అర్థమైంది ఇదే.

ఇక్కడి నుంచి దారులు చీలతాయి. థియేటర్లలో చూపించిన ప్రతిలో మైక్‌ను ఫైర్ సిబ్బంది కాపాడతారు. భార్యాభర్తలు మళ్లీ కలుస్తారు. కాలిపోయిన సామాన్ల పెట్టెలోంచి మైక్ రికార్డర్ తీసి నొక్కుతాడు. ముందు అతని గొంతు, తర్వాత కేటీ గొంతు. వెనకున్న లిలీ అది వింటుంది.

దర్శకుడు మొదట తీసింది ఇది కాదు. అందులో మైక్ ఆ మంటల్లోనే చనిపోతాడు. అంత్యక్రియల దగ్గర ఓలిన్ సామాన్ల పెట్టె ఇవ్వబోతే లిలీ తీసుకోదు. అతను కారులో కూర్చుని టేపు వింటాడు, అద్దంలో కాలిన మైక్ ఒక్క క్షణం కనబడతాడు. చివర్లో మసిబారిన ఆ గదిలో మైక్ ఆత్మ సిగరెట్ కాలుస్తూ నిలబడి ఉంటుంది. కేటీ పిలుస్తుంది. అతను తలుపు వైపు నడుస్తాడు. తలుపు మూసుకున్న చప్పుడు, చీకటి. ముందుగా చూసిన ప్రేక్షకులు మరీ దిగులుగా ఉందన్నారని దీన్ని మార్చారు. తర్వాత డైరెక్టర్స్ కట్‌లో, అంటే దర్శకుడు తన ఇష్టప్రకారం కూర్చిన ప్రతిలో, మళ్లీ పెట్టారు. మరో ముగింపు కూడా ఉంది, అతని పుస్తకాల వ్యవహారం చూసే మనిషి ఆఫీసుకు రాతప్రతి చేరడం, దాన్ని చదువుతుంటే ఆ శబ్దాలు వినిపించడం. అది నాకు అంతగా ఆనలేదు.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. బతికిన ముగింపు కూడా గది చూపించిన కలే అయితే? అవును, కాదనలేం. ఒకసారి మోసం చేసిన గది రెండోసారి చేయదని ఏముంది? మొదటి కలలో కూడా లిలీ ఎదురుగా కూర్చుని మాట్లాడింది కదా. అదే చచ్చిపోయిన ముగింపులో ఆ అనుమానానికి తావే లేదు. గది కల చూపించినా చూడ్డానికి మైక్ లేడు, అంత్యక్రియలు మిగతావాళ్లు చూస్తున్నారు. చిత్రమేమిటంటే, అతను గది నుంచి బయటపడ్డాడని మనం గట్టిగా చెప్పగలిగేది అతను చచ్చిపోయినప్పుడే. పైగా కూతురి దగ్గరికి వెళ్లాడు. దాన్ని దిగులు ముగింపు అన్నవాళ్లతో నేను ఒప్పుకోను.

అయినా నాకు ఇష్టమైంది మాత్రం థియేటర్ ముగింపే. సర్దుబాటు ముగింపు అని చాలామంది తీసిపారేస్తారు, అది అన్యాయం. తేడా అంతా ఆ టేపు ఎవరి చెవిన పడిందన్న దాంట్లో ఉంది. ఒకదాంట్లో పరాయివాడైన మేనేజర్ విన్నాడు, కన్నతల్లి పెట్టె ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. ఇంకోదాంట్లో తల్లి విన్నది.

మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. నాన్న రేడియో నుంచి పాటలు పట్టినది. రెండు పాటల మధ్య ఒకచోట మా అమ్మమ్మ గొంతు పడింది, “పాలు పొంగుతున్నాయి, చూడవే” అని. ఆవిడ పోయిన నాలుగేళ్లకు ఎవరో ఆ క్యాసెట్ పెట్టారు. అమ్మ వంటింట్లోంచి పళ్లెం పట్టుకుని వస్తోంది. ఆ మాట వినబడగానే గుమ్మంలో ఆగిపోయింది. ఏడవలేదు. పళ్లెం కింద పెట్టి, “మళ్లీ పెట్టు” అంది.

సినిమా చివర్లో లిలీ ముఖం చూసినప్పుడల్లా నాకు ఆ గుమ్మం గుర్తొస్తుంది. అంతవరకూ భర్త చెప్పింది ఒక్కటీ నమ్మని మనిషి. మైక్ మాట్లాడడు, ఆమె వైపే చూస్తూ ఉంటాడు. టేపు తిరుగుతూనే ఉంటుంది.