అంజూరపు చెట్టుకు ఇంకో ఏడాది

(అనంతపురంలో శ్రమదినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, బుధవారం కూడికలో చేసిన ప్రసంగం)

పాస్టరయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కలకు, వెనక తలుపు దగ్గర నిలబడిన యవ్వనస్తులకు వందనాలు. ముందు చాపల మీద చోటుంది, వచ్చి కూర్చోండి నాయనా.

నాకిచ్చిన అంశం ‘శ్రమల్లో నిరీక్షణ’. రోమా పత్రిక ఐదో అధ్యాయం మీద మాట్లాడమన్నారు. శ్రమ ఓర్పును పుట్టిస్తుంది, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను అని పౌలు చెప్పిన వరుస మీ అందరికీ కంఠతా వచ్చు. దాని మీద మూడు పాయింట్లు రాసుకొచ్చాను. మొదటిది చెప్పాక కాగితం మడిచేస్తానేమో, చూద్దాం.

మొదటిది ఇదీ. పౌలు అక్కడ ‘మనం’ అన్నాడు. బెత్తంతో దెబ్బలు తిన్నవాడు, చెరసాలలో పడ్డవాడు, తనను కూడా కలుపుకొని చెప్పిన మాట అది. మనమేమో దాన్ని పక్కవాడి కష్టం మీద వాడుతున్నాం. పంట పోయినవాడి భుజం తట్టి, “ఓర్చుకో బ్రదర్, ఇది నీకు పరీక్ష” అని, వాళ్లింట్లోనే టీ తాగి, బండెక్కి వచ్చేస్తాం.

కాగితం మడిచేస్తున్నాను. మా మామ సంగతి చెప్పాలి.

పేరు వద్దు. వరసకు మామ. మెట్ట చేను, శెనక్కాయ తప్ప ఇంకోటి వేయడు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా మనకు కావలసినప్పుడు పడదు. ఆ ఏడు విత్తేటప్పుడు బాగానే పడింది. ఊడలు దిగే వేళకు మబ్బు ముఖం చాటేసింది. చెట్టు పీకితే కాయ లేదు, పశువులకు కట్టె మిగిలింది. బోరు వేయిస్తే దుమ్ము లేచింది. బోరు అప్పు, విత్తనకాయల అప్పు, దాని మీద వడ్డీ.

అప్పుడే ఉజ్జీవ కూడికలు వచ్చాయి. బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, కష్టాల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడమన్నాడు. మామ నిలబడ్డాడు. ప్రార్థన చేస్తాడనుకున్నాం. ఆయన మైకులో అడిగాడు: “ఒప్పుకోని పాపం ఏదో ఉంది, చూసుకో. రాబడిలో దశమభాగం దేవుడికి సరిగ్గా ఇస్తున్నావా?” పందిరి నిండా జనం. అత్త పక్కనే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో మన పెద్దలు కొందరు “ఆమెన్” అన్నారు. ఆ ఆమెన్ నాకింకా చెవిలో ఉంది.

మామ కూర్చున్నాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు, ఇప్పటికీ రావడం లేదు.

నాకు కోపం వస్తుంది, క్షమించండి. గట్టుకు అటువైపు, దశమభాగం అంటే ఏమిటో తెలియనివాళ్ల చేను కూడా ఎండింది కదా. వాళ్లు ఎవరికి బాకీ పడ్డారు? మండలమంతా ఎండింది. మండలమంతా కానుక ఎగ్గొట్టిందా?

లూకా పదమూడు తీయండి. పిలాతు కొందరు గలిలయులను చంపించాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు అందరికంటే ఎక్కువ పాపులా అని యేసయ్యే అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు. ఆ వెంటనే, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. ఎవరితో? ఆ కబురు మోసుకొచ్చి చెప్పినవాళ్లతో! గోపురం కింద పడ్డవాళ్లతో కాదు.

మరి యోవేలు ప్రవక్త మాటేమిటి, మిడతలూ కరువూ చూపించి పశ్చాత్తాపపడమన్నాడు కదా అని ఒక తమ్ముడు మొన్న నన్ను అడిగాడు. అన్నాడు. ఎవరెవర్ని పిలిచాడో కూడా చదువు తమ్ముడూ. ముసలివాళ్లను, పాలు తాగే బిడ్డలను, గదిలో ఉన్న పెళ్లికొడుకును, పెళ్లికూతురును. యాజకులను మంటపానికీ బలిపీఠానికీ మధ్య నిలబడి ఏడవమన్నాడు. ఊరంతటినీ పిలిచాడు. ఒక్కణ్ణి లేపి నిలబెట్టలేదు.

మన తాతముత్తాతల సంగతి కూడా ఒక్క మాట. 1876–78లో ధాత కరువు వచ్చింది. అప్పటికి అనంతపురం జిల్లా కూడా కాదు, 1882 దాకా బళ్లారిలోనే ఉండేది. రాయలసీమలో చాలా సంఘాలు పెరిగింది ఆ కరువు తర్వాతే. గంజి కోసం సంఘంలో కలిశారని ఎగతాళి చేసేవాళ్లున్నారు, చేయనీ. నా ప్రశ్న వేరు. గంజి పోసిన చేయి, ముందు నీ పాపం ఏమిటో చెప్పు అని ఆగి ఉంటే, ఈ చాపల మీద ఎందరం ఉండేవాళ్లం?

లూకా పదమూడులో గోపురం మాట అయ్యాక ఏముంది? అంజూరపు చెట్టు. మూడేళ్లుగా కాయలేదు, నరికేయమన్నాడు యజమాని. తోటమాలి చెట్టుకు ఉపదేశం చేయలేదు. అయ్యా, ఈ ఏడు కూడా ఉండనీ, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అన్నాడు. పార పట్టేది తానేనన్నమాట. 1969లో మన ఊరికి వచ్చిన స్పెయిన్ మిషనరీ ఫాదర్ ఫెర్రర్, అంతకు ముందు మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర, బావి తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చేవారు. ఆ వాక్యానికి నాకు తెలిసిన మంచి వ్యాఖ్యానం అది.

మనమేమో ఆదివారాలు తీసేసి నలభై రోజులు లెక్కపెట్టి, మాంసం మానేసి, ఈస్టర్ బిర్యానీకి ఇప్పుడే చందాలు రాసుకుంటున్నాం. మానేయండి, మంచిదే. మిగిలిన మాంసం డబ్బు ఎటు పోతోందని, ఉపవాసమంటే ఆకలిగొన్నవాడికి పెట్టడమే అని చెప్పే యెషయా యాభై ఎనిమిది అడుగుతుంది.

మొన్న మామ దగ్గరకు పోయాను. చర్చి మాట నేనెత్తలేదు, ఆయనే ఎత్తాడు. “దేవుడితో నాకు పేచీ లేదప్పా. ముందు బెంచీలోళ్లతోనే.” చూస్తే చేను దున్ని పెట్టుకున్నాడు. విత్తనానికి రెండు మూటల కాయలు కూడా అట్టిపెట్టాడు. అంజూరం పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ఆనందిస్తానని హబక్కూకు ప్రవక్త అన్నాడే, అది ఈ గుడి గోడ మీద పెయింటుతో రాసుంది. మామ చేలో నాగలితో రాసుంది. వాన వస్తుందని ఆయనకు ఎవరూ హామీ ఇవ్వలేదు.

పెద్దలకు నాది ఒక్కటే అడుగుదల. ఈసారి మంచి శుక్రవారం కానుకలో సగం, విత్తనకాయలకు తీసి పెట్టండి. మామ ఒక్కడికే కాదు, అడగడానికి సిగ్గుపడుతున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, అక్కలకు తెలుసు. లెక్క ఈస్టర్ తర్వాతి ఆదివారం చదవండి.

శనివారం నేను మామ ఇంటికి పోతున్నాను. ఆ రోజు ఆమెన్ అన్నవాళ్లలో ఒక్కరైనా వస్తే బాగుంటుంది. బైబిల్ చంకలో పెట్టుకొని రావద్దు, ప్రార్థన చేద్దామా అని మనంగా అడగవద్దు, ఆయన అడిగితే చేద్దాం. ఎండ ముదరక ముందే బయల్దేరాలి, ఆరు గంటలకు గేటు దగ్గర ఉండండి.