పాత ఫోన్ మార్చేద్దాం అనుకుంటున్నారా? షాపుకెళ్లే ముందు ఈ లెక్క వేసుకోండి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, మా ఇల్లు ఏలూరు రోడ్డు పక్కనే, కిటికీ మూస్తే ఉక్కపోత, తీస్తే ఇదిగో ఈ గోల.

సరే, ఇదీ నా ఫోన్. 2021లో కొన్నా. కంపెనీ పేరు చెప్పనులెండి, ఇన్నేళ్లు వాడేసి ఇప్పుడు వాళ్లని తిట్టుకుని ఏం లాభం. పొద్దున్నే వంద ఛార్జింగ్‌తో తీస్తే భోజనాల టైముకి ముప్ఫైకి దిగిపోద్ది. మొన్న కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయలు తీసుకుని స్కాన్ కొట్టబోతే, 22 పర్సెంట్ ఉందండీ, ఉన్నట్టుండి ఆఫ్! జేబులో రూపాయి లేదు. ఆవిడ "పర్లేదు నాన్నా, రేపివ్వు" అంది కానీ ఆ సంచి పట్టుకుని బయటికొస్తుంటే సిగ్గేసింది.

అంటే వెంటనే కొత్తది కొనేయాలా? అక్కడే ఆగండి. 22 దగ్గర ఆఫ్ అవ్వడం అనేది చాలావరకు బ్యాటరీ ముసలిదైపోయిన లక్షణం, ఫోన్ పాడైపోయినట్టు కాదు. లిథియం బ్యాటరీకి వేడంటే పడదు. ఆపిల్ వాళ్లు వాళ్ల సైట్లోనే రాసుకున్నారు, చుట్టూ 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా దెబ్బతినొచ్చని. 35 అంట! మన బెజవాడలో మే నెలలో 35 ఉంటే దుప్పటి కప్పుకుంటాం. నేనేమో బండికి హోల్డర్ పెట్టి, మ్యాప్స్ ఆన్ చేసి, మిట్ట మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎండలో ఆ ఫోన్‌ని అప్పడంలా వేయించా మూడు వేసవులు. కాబట్టి మీ ఫోన్ ప్రాబ్లం ఒక్క ఛార్జింగే అయితే, సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్పించుకోండి, ఈ వీడియో ఇక్కడితో ఆపేయండి, నిజంగా చెప్తున్నా.

నా సంగతి ఎక్కడ తేడా కొట్టిందంటే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ ప్యాచ్, అంటే ఫోన్లోకి దొంగలు దూరకుండా కంపెనీ పంపే అప్‌డేట్, ఏ తేదీదో చూశా. 2024 దగ్గర ఆగిపోయి ఉంది. ఈ ఫోన్లోనే నా జీతం అకౌంట్, నాన్న పెన్షన్ అకౌంట్, రెండూ. ఇక మార్చక తప్పదనిపించింది.

బీసెంట్ రోడ్డులో ఓ షాపుకెళ్లా. ఆ కుర్రాడు నన్ను చూడగానే ఒకటి తీశాడు, "సార్, ఎనిమిది వేలు తగ్గింపు, 108 మెగాపిక్సెల్, 8 ప్లస్ 8 పదహారు జీబీ ర్యామ్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆ రెండో 8 ఉంది చూశారా, అది ర్యామ్ కాదండీ, స్టోరేజ్‌లోంచి కొంచెం తీసి ర్యామ్‌లాగా వాడటం, అసలు ర్యామ్ స్పీడ్ దానికి రాదు. 108 కూడా అంతే, మామూలుగా ఫొటో తీస్తే తొమ్మిది పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. అది తప్పు కాదు, చీకట్లో దానివల్లే ఫొటో బాగా వస్తుంది, కానీ ఆ నంబర్ చూసి డబ్బులు పెట్టకండి. నేనేం చేశానంటే అక్కడే నిలబడి ఆ మోడల్ ఎప్పుడు లాంచ్ అయ్యిందో గూగుల్ చేశా. రెండేళ్ల కిందటిది! పెరుగు ప్యాకెట్ మీద డేట్ చూడకుండా తీసుకుంటామా మనం? ఫోన్‌కి కూడా డేట్ ఉంది, కాకపోతే డబ్బా మీద పెద్దక్షరాలతో వెయ్యరు. కంపెనీ నాలుగేళ్లు అప్‌డేట్స్ అంటే అది దాదాపుగా ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. అందులో రెండేళ్లు ఆ షాపు అల్మారాలోనే అయిపోయాయి. ఆ ఎనిమిది వేల తగ్గింపు ఎందుకిచ్చారో అర్థమైందా ఇప్పుడు.

అందుకని నేను రేటు చూడటం మానేసి, ఇంటద్దె లెక్క వేసినట్టు, ఫోన్ ధరని అప్‌డేట్స్ వచ్చే ఏళ్లతో భాగించి ఏడాదికి ఎంత పడుద్దో చూశా. లాంచ్ రేట్లే చెప్తున్నా, ఇప్పుడు మారి ఉంటాయి, మీరు చూసుకోండి. శాంసంగ్ గెలాక్సీ ఏ36, 2025 మార్చిలో 32,999కి వచ్చింది, ఆరేళ్లు అప్‌డేట్స్, ఏడాదికి ఐదున్నర వేలు. గూగుల్ పిక్సెల్ 9ఏ 49,999, ఏడేళ్లు, అంటే ఏడు వేల చిల్లర. సీఎంఎఫ్ ఫోన్ 2 ప్రో 18,999, దానికి సెక్యూరిటీ ఆరేళ్లు కానీ కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు మూడే, అయినా ఏడాదికి మూడు వేల చిల్లరే పడుద్ది, చదువుకునే పిల్లలకైతే నేను అదే చెప్తా. ఈ లెక్కలో మధ్యలో ఒక బ్యాటరీ ఖర్చు కూడా కలుపుకోండి, ఎందుకంటే అప్‌డేట్స్ ఆరేళ్లు వచ్చినా మన ఎండల్లో బ్యాటరీ అంతకాలం రాదు.

నేను ఏ36 తీసుకున్నా. పిక్సెల్ కెమెరా మీద మనసు పోయింది, అబద్ధం చెప్పను, బడ్జెట్ ఒప్పుకోలేదు. ఏ36లో నన్ను పడగొట్టింది ఐపీ67. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో నడుం లోతు నీళ్లు, ఫోన్లన్నీ పోయి రెండ్రోజులు ఎక్కడున్నారో కూడా తెలీలేదు మాకు. ఆ భయం పోలేదు. అలాగని ఫోన్ పట్టుకుని కృష్ణలో దూకకండి, ఆ టెస్ట్ ల్యాబులో మంచినీళ్లతో చేసింది, బురద నీళ్లతో కాదు, పైగా నీళ్లు లోపలికి పోతే వారంటీ మామూలుగా వర్తించదు. ఇంకోటి, డబ్బాలో ఛార్జర్ రాదు, కేబులే. దానికి 45 వాట్స్ సపోర్ట్ ఉంది, ఇంట్లో ఉన్న పాత ఛార్జర్ పెడితే ఛార్జ్ అవుతుంది కానీ నెమ్మదిగా, ఆ ఖర్చు కూడా రేటులో వేసుకోండి.

జియో 5జీ వాళ్లయితే, ఫోన్ పట్టుకునే సిగ్నల్ బ్యాండ్ల లిస్టులో ఎన్28 ఉందో లేదో చూడండి. అది 700 మెగాహెర్ట్జ్, గోడలు దాటి లోపలికి బాగా వస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు, *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబర్, అది తీసుకుని, కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి స్పేస్ ఇచ్చి ఆ నంబర్ పెట్టి 14422కి మెసేజ్ పంపండి. బ్లాక్ చేసిన ఫోనా కాదా తెలిసిపోద్ది. డబ్బులిచ్చాక కాదు, ముందు!

పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చిన రేటు చూస్తే నవ్వొచ్చింది, ఇవ్వలేదు. బ్యాటరీ మార్పించి, సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లన్నీ పీకేసి అమ్మకిచ్చా. వంటింట్లో డబ్బాల పక్కన పెట్టుకుని యూట్యూబ్‌లో పాటలు వింటోంది.

ఆ, ఒకటి మర్చిపోయా. కొత్త ఫోన్లో యూపీఐ పెట్టిన మొదటి రోజు లిమిట్ తక్కువ ఉంటుంది, నేను సరిగ్గా ఒకటో తారీఖున మార్చా, ఇంటి ఓనర్ గారికి అద్దె వెళ్లలేదు, ఆయన "ఏం బాబూ, కొత్త ఫోన్ కొన్నావంటగా" అన్నాడు. మీరు పదో తారీఖు తర్వాత మార్చుకోండి. మీ బడ్జెట్, చూస్తున్న మోడల్ కింద రాయండి, ఏడాది లెక్క వేసి చెప్తా. ఉంటానండీ.