నీలంగా పుట్టిన బిడ్డకు ఎంత ఆక్సిజన్?

శ్రోతలకు నమస్కారం. నెలలు నిండకుండానే కాన్పు అయింది. బిడ్డ ఏడవలేదు, ఒళ్ళు నీలంగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళ నోట వచ్చే మాట ఒకటే: ఆక్సిజన్ పెట్టండి! డాక్టర్లు కూడా చాలా ఏళ్ళు అదే చేశారు, అదీ నూటికి నూరు శాతం ఆక్సిజన్. ఇప్పుడలా మొదలుపెట్టరు.

కడుపులో ఉండగా బిడ్డ రక్తంలో ఆక్సిజన్ స్థాయి 60 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. బయటికి రాగానే 95కి ఎగబాకదు. ఏ ఇబ్బందీ లేని బిడ్డకైనా 80 దాటడానికి అయిదు నిమిషాలు పట్టొచ్చు. కాబట్టి తొలి క్షణాల నీలం రంగు చూసి కంగారు పడనక్కర్లేదు. రంగును కంటితో అంచనా కట్టడంలో అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. అందుకే బిడ్డ కుడి మణికట్టుకో, కుడి అరచేతికో రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్ చుడతారు. కుడిచేతికే ఎందుకంటే, మెదడుకు ఎలాంటి రక్తం అందుతోందో చెప్పేది ఆ చెయ్యే. కాళ్ళకు వెళ్ళే రక్తంలో, ఊపిరితిత్తులకు పోకుండా పక్కదారి పట్టిన రక్తం కలిసి ఉండొచ్చు.

ఎక్కువ ఇస్తే పోయేదేముంది అంటారా? 1940లు, 50లలో ఇంక్యుబేటర్లలో రోజుల తరబడి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన ఫలితంగా వేలమంది పసివాళ్ళు చూపు పోగొట్టుకున్నారు. పుట్టినప్పుడు పది నిమిషాలు ఇచ్చేదానికీ దానికీ తేడా ఉంది, నిజమే. కానీ అదనపు ఆక్సిజన్ చేసే చెరుపును తట్టుకునే శక్తి నెలతక్కువ బిడ్డకు ఇంకా రాదు. అలాగని భయపడి మరీ బిగించినా ముప్పే. చూపు పోతుందని ఆక్సిజన్ కోసేసిన తర్వాతి ఏళ్ళలో మరణాలు పెరిగాయి.

అందుకే ఇది మందులాగే మోతాదు లెక్క. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలి, అంటే 21 శాతం ఆక్సిజన్, మొదట చాలు. 32 వారాలకు ముందే పుట్టినవాళ్ళకు కనీసం 30 శాతంతో మొదలుపెట్టాలని ఇటీవలి సూచనలు. గాలినీ ఆక్సిజన్‌నీ కలిపే బ్లెండర్ మరను మీటర్ చూసుకుంటూ తిప్పుతారు.

అసలు పని మాస్కుది. బిడ్డ ముక్కూ నోరూ కప్పేలా అది సరిగ్గా కూర్చుని, గాలి ఊపిరితిత్తుల్లోకి దిగాలి. అది దిగనప్పుడు ఎంత ఆక్సిజన్ పెట్టినా వృథా. దిగిందంటే ముందు తేరుకునేది గుండె. నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంది. గాలి బాగా అందుతున్నా 60కి లోపే ఉండి, ఛాతీ నొక్కాల్సి వస్తే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు నూరు శాతమే ఇస్తారు. గుండె పుంజుకోగానే మళ్ళీ తగ్గిస్తారు.